చలికాలపు చుట్టములు

కార్తికము గడచి మార్గశిరము ప్రవేశించునప్పటికి అమెరికాదేశపు ఉత్తరభాగమున చెఱువులు గడ్డకట్ట నారంభించును. మినియాపొలిస్ వంటి నగరములలో జనవరి రాత్రులయందు శీతోష్ణమాపకము సున్నకు పది పదునైదు డిగ్రీలు దిగువకు పోవుట వింత కాదు. అట్టి కాలమున ఆ ప్రాంతపు వృద్ధదంపతులు అనేకులు ఉన్న యింటికి తాళము వేసి, మఱియొక యింటిని వెంటబెట్టుకొని దక్షిణమునకు బయలుదేరుదురు. వెంటవచ్చు ఆ యిల్లు చక్రములమీద నుండును. డాలసులోను, హ్యూస్టనులోను బిడ్డల యింట కొన్నినెలలుండి వచ్చిన మన పెద్దలు పెద్దబాటలపై ఈ బండ్లను చూచియే యుందురు. రైలుపెట్టెను బోలిన పొడవాటి మోటారు, కిటికీలకు పరదాలు, వెనుక కట్టిన సైకిళ్లు. ముందర చక్రము పట్టుకొని నెఱసిన తలవాడొకడు, ప్రక్కన కండ్లజోడు పెట్టుకొన్న అవ్వ. ఈ బండ్లను అక్కడివారు క్లుప్తముగా ‘ఆర్.వి.’ అందురు. అందులో తిరుగు పెద్దలకు ‘మంచుపక్షులు’ అని ముద్దుపేరు.

పేరు బాగుగనే కుదిరినది. మన శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును, కొంగలును వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదురునప్పటికి వెడలిపోవును. ఊరివారు వానిని చుట్టములవలె ఆదరింతురు. అమెరికా పక్షులకు మాత్రము గూడు కట్టుకొను శ్రమ లేదు. గూటినే మోసికొని వచ్చును.

ఈ యాచారము నిన్న మొన్నటిది కాదు. 1919 సంవత్సరముననే ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపా నగరమున ఇట్టి బాటసారులు ‘టిన్ కాన్ టూరిస్టులు’ అను సంఘముగా నేర్పడిరి. నేడు చలికాలము రాగానే ఫ్లారిడా, టెక్సాసు, ఆరిజోనా రాష్ట్రములలో ఈ బండ్లు వేలకొలదిగా విడిదిచేయును. వచ్చినవారిలో పెక్కుమంది ఎండ కాచుకొందురు, చేపలు పట్టుదురు, పేకాడుదురు. జీవితమంతయు పనిచేసినవారు నాలుగు నెలలు వెచ్చగా కూర్చుండిన తప్పేమి? కాని వారిలో కొలదిమంది ఆ చలికాలమును తల్లిదండ్రులకు దూరమైన బాలబాలికలు పెరుగు గృహములలో పనిచేయుచు గడపుచున్నారు. నేను వ్రాయబూనినది వారిని గూర్చి.

మొదట ఆ యిల్లెట్టిదో చెప్పవలెను. ఇల్లాండ్రకు అందు నేర్వదగిన సంగతులు లేకపోలేదు. బండి పొడవు ముప్పది నలువది అడుగులుండవచ్చును గాని వెడల్పు ఎనిమిదిన్నర అడుగులకు మించదు. నిలిపినప్పుడు గోడలో నొకభాగము సొరుగువలె వెలుపలికి జరిగి గదిని వెడల్పు చేయును. కదలునప్పుడు మఱల లోనికి పోవును. గ్యాసుపొయ్యి, చిన్న శీతలపేటిక, మడతపడు భోజనపుబల్ల, పడక, స్నానపుగది అన్నియు అందే. బీరువా తలుపులకెల్ల గొళ్లెములుండును. ఒక్క గొళ్లెము మఱచి బండి కదలినదా, మొదటి మలుపులోనే కంచములు క్రిందికి దిగును. నీటికి మూడు తొట్లు: మంచినీటి కొకటి, పాత్రలు కడిగిన నీటి కొకటి, పాయిఖానా కొకటి. ఈ మూడవదానిని నియమముగా తామే ఖాళీచేసి కడుగుకొనవలెను. భోజనవేళ ఈ పుటను చదువుచున్నవారు క్షమింతురు గాక. ఆ పని దొరలును చేయుదురు, దొరసానులును చేయుదురు.

బండి యెంత బరువు మోయగలదో ముందుగనే నిర్ణయింపబడి యుండును. కావున నలువదియేండ్ల కాపురములో కూడిన సామగ్రిలో ఏది ఎక్కవలెను, ఏది దిగిపోవలెను అనునది ఆ యింటి ఇల్లాలికి పెద్ద ప్రశ్న. ఇత్తడి గుండిగలు, రుబ్బురోలు, కుంకుళ్ల బస్తా, ఆవకాయ జాడీలు ఎక్కింపవలసి వచ్చినచో మన బండి వీధి దాటదు. వారిలో కొందఱు చలికాలము గడచినపిదప సొంత యింటికే తిరిగిపోవుదురు. మఱికొందఱు ఇల్లమ్మివేసి బండినే శాశ్వతనివాసము చేసికొందురు. ఇది చవుకైన బ్రతుకని యెవరును భ్రమపడరాదు. లీటరు పెట్రోలునకు మూడు నాలుగు కిలోమీటర్లకంటె నడువని బండ్లు పెక్కు. మినియాపొలిస్ నుండి టెక్సాసు దక్షిణపు సరిహద్దునకు రమారమి 2,300 కిలోమీటర్లు. ఒక్కవైపు ప్రయాణమునకే ఆరేడువందల లీటర్లు కావలెను.

ఇట్లు సొంతఖర్చుతో పోయి పనిచేయువారికి సంఘములు గలవు. అందు ‘నోమాడ్స్’ అనునది 1988లో మెథడిస్టు క్రైస్తవులు స్థాపించినది. ఆ పేరునకు దేశదిమ్మరులని యర్థము, సరసులే. వీరి పనికి సామాన్యముగా మూడు వారములు గడువు. సోమవారము మొదలు గురువారము వఱకు దినమునకు ఆరుగంటలు పనిచేయుదురు. ఉదయము ప్రార్థన, పిమ్మట పని. మూడు వారములు ముగిసిన తరువాత కొందఱు మఱియొక చోటికి పోవుదురు. ఇట్లు రెండు మూడు చోట్ల పనిచేయునప్పటికి చలికాలము గడచును. బాలల గృహమువారు ఇచ్చునది బండి నిలుపుకొనుటకు చోటు, నీరు, విద్యుత్తు. అంతకుమించి అతిథులకు గది సవరింపనక్కరలేదు, వంట చేయనక్కరలేదు. ఇల్లు మోసికొనివచ్చు చుట్టము, తన యన్నము తాను వండుకొను చుట్టము ఎవరికి బరువగును?

వారు చేయు పనులు చూచితిమేని అందు ఆడంబర మేమియు కనబడదు. కారుచున్న కప్పు బాగుచేయుట, గోడలకు రంగువేయుట, దోమతెరలు బిగించుట, కుళాయిలు మార్చుట, కుంగిన మెట్లను కొత్తపలకలతో కట్టుట, దానముగా వచ్చిన బట్టలను కొలతలవారీగా విడదీయుట, పరదాలు కుట్టుట, బొంతలు అతుకుట, గ్రంథాలయపు పుస్తకములకు అట్టలు వేయుట. వీరిలో పూర్వము వడ్రంగులై యుండినవారును, ఉపాధ్యాయినులై యుండినవారును, బ్యాంకిలో లెక్కలు వ్రాసినవారును గలరు. ఆడువారు కుట్టుపనికే పరిమితులు కారు. నిచ్చెన యెక్కి రంగు కుంచె పట్టువారును, మరరంపము త్రిప్పువారును ఉన్నారు. ఫ్లారిడాలో ఎంటర్‌ప్రైజ్ అను చిన్నయూర మెథడిస్టులు 1908లో స్థాపించిన బాలల గృహము నేటికిని నడచుచున్నది. అట్టి పాతసంస్థలలో విశాలమైన ఆవరణలు, పదులకొలది కట్టడములు ఉండును. ఒక కప్పు బాగుపడులోపల రెండవది కారును. కూలికి పిలిచిన మేస్త్రీలకీయవలసిన సొమ్ము ఇట్లు మిగిలినచో అది పిల్లల చదువునకును, వైద్యమునకును పోవును.

ఇక్కడ మన సోదరీమణులు అడుగబోవు ప్రశ్న నాకు తెలియును. సొంత మనుమలను విడిచి ఎవరి పిల్లలకో పరదాలు కుట్టనేల? నాకును మొదట అట్లే తోచినది. కాని ఆ దేశమున కొడుకొక రాష్ట్రమున, కూతురొక రాష్ట్రమున నుందురు. మనుమలను చూచుట పండుగలకే. మన యిండ్లలో మాత్రమిప్పుడు వేఱుగా నున్నదా? గుంటూరులో తల్లి, బెంగుళూరులో కొడుకు, న్యూజెర్సీలో కూతురు. ఇదిగాక మన పూర్వులు వానప్రస్థమని యొక యాశ్రమమును ఏర్పఱచిరి. బిడ్డలకు ఇల్లప్పగించి, భార్యాభర్తలు కూడియే అడవికి పోవుట. పోయిన తరువాత ఏమి చేయవలెనో శాస్త్రములు చాల చెప్పినవి గాని, కప్పులు బాగుచేయుమని చెప్పిన శాస్త్రము నేను చదువలేదు. ఈ దంపతులు దానిని తమకు తామే కూర్చుకొనిరి.

ఇక ఆ గృహములలోని పిల్లలెవరు? అనాథలను మాటను మనము సులువుగా వాడుదుము. నేడు అమెరికాలో ఇట్టి చోట్ల నున్న పిల్లలలో ఎక్కువమందికి తల్లియో తండ్రియో జీవించియే యున్నారు. మత్తుపదార్థముల వలనను, దెబ్బల వలనను, చెఱసాల వలనను, ఆలనాపాలన లేక విడువబడుట వలనను న్యాయస్థానము వారిని ఇంటినుండి తప్పించియుండును. 2022లో ఇట్లు ప్రభుత్వసంరక్షణమున నున్న పిల్లలు ఆ దేశమున సుమారు 3,70,000. వారిలో అధికసంఖ్యాకులు పెంపుడుకుటుంబములలోను, బంధువులయిండ్లలోను ఉన్నారు. సంస్థలలో పెరుగువారు పదింట నొకవంతుపాటి.

ఈ విభజన వెనుక పెద్దచరిత్ర యున్నది. 1854 మొదలు 1929 వఱకు న్యూయార్కు వంటి తూర్పునగరముల వీథిబాలలను రైళ్లలో ఎక్కించి పడమటి పల్లెలకు పంపుచుండిరి. అట్లు పోయినవారు సుమారు రెండు లక్షలని యంచనా. స్టేషను సమీపమున వరుసగా నిలువబెట్టగా రైతులు వచ్చి తమకు నచ్చినవారిని తోడుకొనిపోయెడివారు. అన్న యొక యూరికి, చెల్లెలొక యూరికి పోయిన కథలు ఎన్నియో. మేలుకొఱకు చేసిన పనియే. కాని చెల్లెలి నెడబాసిన ఆ యన్నకు ఆ మేలు ఎట్లు తోచెనో! 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు ఈ విషయమై శ్వేతభవనమున సభ చేసినప్పుడు, కేవలము పేదఱికము కారణముగా బిడ్డను ఇంటినుండి వేఱుచేయరాదని సభవారు తీర్మానించిరి. 2018లో చేసిన చట్టము ఇంకను ముందుకు పోయి, పిల్లలను కుటుంబములలో గాక సంస్థలలో నుంచినచో రెండు వారములకు మించి కేంద్రప్రభుత్వపు సొమ్ము, కొన్ని ప్రత్యేక సందర్భములలో తప్ప, లభింపకుండునట్లు చేసినది. కాబట్టి నేడు బాలల గృహములకు చేరువారిలో పెంపుడుయిండ్లలో ఇముడలేక వచ్చిన పెద్దపిల్లలు తఱచుగా కనబడుదురు. పదమూడేండ్ల వయసునకే అయిదాఱు ఇండ్లు మాఱిన బాలుడు, కొత్తగా నవ్వుచు దగ్గఱకు వచ్చువారిని చూచి, వీరెన్నాళ్లుందురో అని లెక్కవేయుట సహజము.

చక్రముల యింటి దంపతులకు అసలైన పరీక్ష ఇక్కడనే. వారు వచ్చుట ప్రేమతో. పిల్లలు ప్రేమకు ఆకలిగొన్నవారు. ‘అవ్వా’ అని పిలిచి కొంగు పట్టుకొనినచో ఏ ఆడుదాని మనసు కరగదు? కాని మార్చినెలలో ఆ కొంగు వెడలిపోవును.

ఈ సంగతిని పండితులు చాల శోధించిరి. ఆంగ్లవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు వ్రాసిన నివేదికలో, శైశవమున తల్లివంటి యొక్క స్థిరమైన వ్యక్తి యండ లేకపోవుట మనసును ఎంత గాయపఱచునో వివరించెను. రుమేనియా దేశపు బుఖారెస్టు నగరమున 2000 సంవత్సరమున నారంభమైన పరిశోధనలో 136 మంది శిశువులను తీసికొని, సగముమందిని సంస్థలనుండి పెంపుడుకుటుంబములకు పంపిరి. కుటుంబములకు పోయినవారి బుద్ధియు మనసును మెఱుగుపడెను. రెండేండ్లు నిండకమున్నే పోయినవారికి మేలు ఎక్కువగా కలిగెను. చేతులు మాఱుచుండుటయే శిశువునకు ఆపద యన్నమాట. ఇదిగాక నేపాళము, కంబోడియా వంటి దేశములలో విదేశీయాత్రికుల దానములకు ఆశపడి పల్లెలనుండి పిల్లలను తెచ్చి ‘అనాథలు’గా చూపిన సంస్థలు బయటపడినవి. 2019లో ఐక్యరాజ్యసమితి మహాసభ సయితము అనాథాశ్రమములకు యాత్రగా పోయి సేవచేయుటలోని కీడులను గూర్చి తీర్మానమున ప్రస్తావించెను.

భాగవతమందలి భరతుని కథ మనమందఱము విన్నదే. రాజ్యమును కొడుకులకొసగి గండకీతీరమున తపస్సునకు పోయిన ఆ రాజు, తల్లిని కోల్పోయి ఏటిలో కొట్టుకొనిపోవు లేడికూనను తెచ్చి పెంచి, దానియందలి మమతచే యోగభ్రష్టుడై, మఱుజన్మమున తానే లేడియై పుట్టెను. పురాణము చెప్పు పెద్దలు దీనిని వృద్ధులకు హెచ్చరికగా చెప్పుదురు: మమకారము కూడదు సుమా, అని. కాని లేడికూన పక్షమున నిలిచి అడిగినవారిని నేను చూడలేదు. అతని చేతి గఱికకు అలవాటుపడిన ఆ కూన అతడు కన్నుమూసిన తరువాత ఏ గుంపును చేరెను? అడవిలో మేయుట దానికెవరు నేర్పిరి? రాజునకు కలిగిన నష్టము జన్మజన్మలు వర్ణింపబడినది. లేడికి కలిగినది ఒక్కమాటయైనను లేదు.

మంచి బాలల గృహములు ఈ లేడికూన సంగతిని మఱవవు. అందుచేతనే వారికి నియమములు గలవు. వచ్చిన దంపతుల పూర్వచరిత్రను పోలీసు లెక్కలలో విచారింతురు. వృద్ధులైనను మినహాయింపు లేదు. పిల్లలు ఏడెనిమిదిమంది చొప్పున కుటీరములలో నుందురు. అక్కడ తల్లిదండ్రుల స్థానమున దంపతులో, ఇతర సంరక్షకులో ఉండి రేయింబవళ్లు చూచుకొందురు. స్నానము, పడక, కోపము, కన్నీరు అన్నియు వారి పాలు. చలికాలపు చుట్టములు ఆ స్థానమును ఆక్రమింపరాదు. పిల్లవానితో ఒంటరిగా నుండరాదు, కుటీరపు పెద్దలకు తెలియక బహుమతులీయరాదు, నెఱవేర్పలేని మాట ఇయ్యరాదు. వినుటకు కఠినముగా నున్నది. నాకు మాత్రము ఇందు కాఠిన్యముకంటె కరుణయే యెక్కువగా కనబడుచున్నది.

అట్లని వారి నడుమ గోడ కట్టినట్లు కాదు. పెద్దపిల్లలకు కావలసినది ఒడి కాదు, ప్రక్కన నిలిచి పనిచేయు మనిషి. ముసలాయన సైకిలు గొలుసు బిగించుచుండగా పదునాలుగేండ్లవాడు వచ్చి నిలుచుండును. మొదటిదినము మాటలాడడు. రెండవదినము పానా అందించును. మూడవదినము తానే త్రిప్పును. కండ్లలోనికి చూచి మాటలాడలేని పిల్లవాడు పనిముట్టును చూచుచు చాల సంగతులు చెప్పగలడు; బడిపిల్లల నెఱిగినవారికి ఇది తెలియును. అవ్వ కుట్టుమరవద్ద కూర్చుండిన బాలిక తన గదికి పరదా తానే ఏరుకొని తానే కుట్టుకొనును. ఆ పరదా అవ్వ వెడలిన పిదపను కిటికీకి వ్రేలాడుచుండును.

మఱియొక సంగతి గలదు. ఈ దంపతులలో అనేకులు ఒకే గృహమునకు ఏటేట వత్తురు. వచ్చు తేదీ ముందే తెలియును, పోవు తేదీయు తెలియును. చెప్పక మాయమైన పెద్దలను చూచిన పిల్లలకు, చెప్పిన దినమున వెడలి చెప్పిన దినమున తిరిగివచ్చు మనుష్యులుందురని తెలియుట ఎంత మేలో తలపోయుడు. ఒక్కసారి మాత్రము వచ్చి వాత్సల్యమును కుమ్మరించి పోవువారికంటె, నాలుగేండ్లు వరుసగా వచ్చి కప్పులెక్కువారే నాకు గొప్పగా తోచుచున్నారు.

ఇది చదివి, మన యూళ్లలో ఏమి జరుగుచున్నదని మీరు తలంపవచ్చును. మనకు చక్రముల యిండ్లు లేవు. కాని బాలల గృహములున్నవి, వానికి పోవువారును ఉన్నారు. పుట్టినరోజునాడు కేకుతోను, బిరియానీపొట్లములతోను పోయి, పిల్లలను వరుసగా నిలువబెట్టి ఛాయాచిత్రములు తీయించి, సెల్‌ఫోనులలో లోకమునకు చూపుట మన పట్టణములలో వాడుకయైనది. పెట్టినవారి మనసు మంచిదే. వరుసగా నిలుచున్న బాలిక మనసు వేఱు. ఆమె పుట్టినరోజు ఎవరికిని తెలియదు. 2015 సంవత్సరపు బాలల న్యాయచట్టము అట్టి బాలల పేరు, చిత్రము, గుర్తులు పత్రికలలోను తదితర సాధనములలోను వెల్లడించుటను నిషేధించుచున్నది. బాలల గృహమేదైనను రిజిస్టరు కావలెనని శాసించినదియు ఆ చట్టమే. కావున కానుక పట్టుకొని పోవుటకు ముందు రిజిస్ట్రేషను ఉన్నదా అని అడుగుట అమర్యాద కాదు. అడిగినందుకు కోపగించుకొను చోటికి పోకుండుటయే మేలు.

మన గృహములలోను తల్లి బ్రతికియున్న పిల్లలు తక్కువ కాదు. తిండిపెట్టలేక చేర్చిన తల్లులు కలరు. అట్టి బిడ్డ ఇంటనే పెరుగుటకు మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయలు సాయము చేయు ఏర్పాటున్నది. వితంతువైన పనిమనిషికో, పొరుగింటి యమ్మకో దరఖాస్తు వ్రాసిపెట్టి జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమునకు తోడుకొనిపోగల చదువుకొన్న యిల్లాలు వీథికొకతె యున్నది. ఆపదలో నున్న బిడ్డ కంటబడినచో 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఇక గృహమునకే పోదలచినవారు మొదట అక్కడి పెద్దనడుగుడు: కుళాయి కారుచున్నదా, స్నానపుగది తలుపునకు గడియ యున్నదా, ఆడుపిల్లల లంగాలు పొట్టియైనవా, లెక్కలు చెప్పుటకు మనిషి కావలెనా? రిటైరైన లెక్కల మాస్టరు మంగళవారము మంగళవారము తప్పక ఒక్కగంట పోయినచో, ఏడాదికి యేబది గంటలగును. సోమవారమునాడు పిల్లలు ఎక్కములు నెమరువేసికొందురు, రేపు మాస్టరుగారు వత్తురని.

మఱల మన దంపతుల యొద్దకు పోదము. మార్చినెల వచ్చును. ఉత్తరమున మంచు కరగ నారంభించును. పోవుదినము కుటీరముల గోడపై వ్రేలాడు కాలెండరులో ముందే వ్రాసి యుండును గనుక ఎవరికిని వింత యుండదు. ముందునాటి సాయంకాలము అందఱు కూడి భుజింతురు. ఉదయము ముసలాయన నీటిగొట్టము విప్పి చుట్టును, విద్యుత్తు తీగ తీయును, వెలుపలికి జరిగిన గోడ లోనికి పోవును. లోపల అవ్వ బీరువా గొళ్లెములు ఒక్కొక్కటే చూచుకొనును. గృహపు మేనేజరు చేతికి ఒక కాగితమిచ్చును. అందు వచ్చు చలికాలపు పనులు వ్రాసియుండును: తూర్పు కుటీరమునకు కప్పు, వంటింటికి రంగు, బాలికల గదికి కొత్త అలమరలు. అవ్వ దానిని చదివి, మడచి, కంటియద్దాల పెట్టెలో పెట్టుకొని, రంగు ఏది కావలెనో ఆడుపిల్లల నడిగి వ్రాయుమని చెప్పును.